రెండో చుక్క

జిరాక్సు మిషను వేడెక్కితే ఒక వాసన వస్తుంది. కాలీకాలని కాగితం వాసన. మధ్యాహ్నం భోజనాల వేళ ఆ షాపులో ఆ వాసనా, గోడగడియారం చప్పుడూ తప్ప ఇంకేమీ ఉండవు. మూడు కంప్యూటర్లు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, వీధివైపు ఒక ఇనప షట్టరు. షాపు నడిపే ఆవిడ ఎవరివో దరఖాస్తులకి పిన్నులు కొడుతూ కూర్చుంది. ఎండకని సగం దించిన షట్టరు కింద నుంచి తల వంచుకుని ఆపరేటర్ లోపలికొచ్చాడు.

ఆ వీధిలో అందరికీ అతను ఆపరేటరే. సినిమా హాల్లో ఇరవై తొమ్మిదేళ్ళు ప్రొజెక్టరు ఆడించాడు. ఉద్యోగం పోయి పద్నాలుగేళ్ళయింది, హాలు పడగొట్టి ఆరేళ్ళయింది, పిలుపు మాత్రం పోలేదు. షాపు ఆవిడ అతనికి మరదలు. ఎనిమిది నెలల కిందట పోయిన అతని భార్యకి సొంత చెల్లెలు.

"ఏం బావా, దారి తప్పావా?" అంది. "ఎప్పుడొచ్చినా గుమ్మం బయటే నిలబడి పలకరిస్తావుగా, లోపలికొస్తే ఈ కంప్యూటర్లు కరుస్తాయన్నట్టు."

"నాకో సినిమా కావాలి."

"నీకా? చేతిలో పట్టుకుని చూసేది సినిమా కాదు, సీసాలో ఈగ అన్నది నువ్వేనా?"

"వెటకారం తర్వాత చేద్దువుగాని. దొరుకుతుందా, దొరకదా?"

సినిమా పేరు చెప్పాడు. పిన్నులు కొట్టే చెయ్యి ఆగిపోయింది.

"మామూలుది కాదు," అన్నాడు. "మా హాల్లో కెమెరా పెట్టి తీశారే, ఆ దొంగప్రింటు."

మరదలు చేతిలో దరఖాస్తులు పక్కన పెట్టేసింది.

ఆ దొంగప్రింటు సంగతి చెప్పాలంటే రీళ్ళ సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో సినిమా అంటే ఒక్క చుట్ట కాదు, చాలా రీళ్ళు. క్యాబిన్లో రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన ఉండేవి. ఒకదాని మీద ఒక రీలు ఆడుతుంటే, రెండోదాని మీద తర్వాతి రీలు ఎక్కించి సిద్ధంగా ఉంచాలి. రీలు అయిపోయే ముందు తెర మీద కుడివైపు పైమూల ఒక గుండ్రటి చుక్క క్షణం మెరిసి పోతుంది. జనానికి అది కనబడదు, కనబడినా పట్టించుకోరు. ఆ చుక్క చూసి రెండో మిషను మోటారు వెయ్యాలి. ఎనిమిది సెకన్లకి రెండో చుక్క పడుతుంది. పడీ పడగానే మార్చెయ్యాలి. అప్పుడు రీలు మారిందన్న సంగతి దేవుడిక్కూడా తెలియదు.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆపరేటర్ ఒక్కసారే రెండో చుక్క చూసుకోలేదు. ఆ సినిమా విడుదలైన మర్నాడు, మధ్యాహ్నం ఆటలో. మంగలి ఒకడు హీరో మీసం సగం గీసేసి, మిగతా సగం ఉండగా పోట్లాట పెట్టుకునే చోట రీలు మారాలి. మారలేదు. తెర రెండు సెకన్లు తెల్లగా వెలిగింది. జనం ఈలలేశారు. ఆ గోలలో అతని భార్య, ఎప్పుడూ క్యాబిన్ కిటికీకి మూడు వరుసల ముందు కూర్చునే మనిషి, గట్టిగా అరిచింది. "ఏమండీ... నిద్రపోయారా?"

హాలంతా విరగబడి నవ్వింది.

అతను నిద్రపోలేదు. కిటికీలోంచి ఆమెనే చూస్తున్నాడు. నవ్వొచ్చే చోట అందరూ నవ్వి ఊరుకున్నాక ఒక్కతే నవ్వే అలవాటు ఆమెది. అర్థం కాక కాదు, దాచుకుని నవ్వేది. అలాంటిది ఆ రోజు ఒక్కసారి కూడా నవ్వలేదు. కర్రలా బిగుసుకుని కూర్చుంది. ఒంట్లో బాలేదా అని చూస్తూ చుక్క వదిలేశాడు. ఆ మాట ఆమెకి ఎప్పుడూ చెప్పుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ పనివాడు పెళ్ళాన్ని చూస్తూ చుక్క వదిలేశానని ఏ మొహంతో చెప్పుకుంటాడు?

నాలుగు రోజుల్లో ఆ సినిమా దొంగకాపీ ఊరూరా తిరిగింది. సినిమావాళ్ళు ఆ కాపీ చూసి, మంగలి సీను దగ్గర పడిన తెల్లటి ఖాళీని బట్టి ఇది ఏ హాల్లో తీసిందో పట్టేశారు. ఆపరేటర్ చేతులు కలపకుండా జరుగుతుందా అన్నాడు యజమాని. అంతే, ఉద్యోగం పోయింది.

ఆ రోజు మొదలు కంచం ముందు కూర్చున్న ప్రతిసారీ ఒకటే తిట్టు. "తీసినవాడి చెయ్యి పడిపోను! తీయించినవాడి కళ్ళు పోను!" భార్య తల వంచుకుని వడ్డించేది. మళ్ళీ ఏ సినిమాకీ వెళ్ళలేదు. పన్నెండేళ్ళు ఆ తిట్టు విని, పదమూడో ఏట ఆమె కుడిచెయ్యి పడిపోయింది. నరాల జబ్బన్నారు డాక్టర్లు. చివరి ఏడాదీ అతనే అన్నం కలిపి నోట్లో పెట్టాడు.

ఇప్పుడతనికి వచ్చిన కష్టం చిన్నది, ఎవరితోనూ చెప్పుకునేది కాదు. ఆమె గొంతు మర్చిపోతున్నాడు. ఆమె అన్న మాటలు గుర్తొస్తున్నాయి, కానీ అతని సొంత గొంతులో వినబడుతున్నాయి. ఫోన్లో ఆమె మాట్లాడి పంపిన మాటలు ఉండేవి. ఫోను నిండిపోయింది, ఖాళీ చెయ్యండి అని గోల పెడుతుంటే అతనే కూర్చుని ఒక్కొక్కటీ చెరిపేశాడు. మనిషి ఎదురుగా ఉండగా మాటలెందుకనుకున్నాడు. నెల తిరక్కుండా మనిషి పోయింది.

ఇక ఈ ప్రపంచంలో ఆమె గొంతు మిగిలింది ఆ రెండు సెకన్లలోనే.

"అది వద్దు బావా," అంది మరదలు చివరికి. "డబ్బు కట్టి చూసే చోట మంచి ప్రింటు ఉంది. కడిగిన ముత్యంలా ఉంటుంది, రెండు నిమిషాల్లో దించి ఇస్తాను. లేదంటే ఊరికే ఇచ్చే సైట్లున్నాయి, నొక్కితే సినిమా తప్ప అన్నీ వస్తాయి, కంప్యూటరు చస్తుంది."

"మంచి ప్రింట్లో హాలు ఉండదు. నాకు హాలు కావాలి."

"అంత పాతది, అంత చెత్తది ఎవడు దాచుకుంటాడు?"

"ఏదో టోరెంటట కదా. జనం పంచుకుంటారట."

"నీకెవరు చెప్పారు?"

"బస్సులో వింటాం, పోతాం. నన్ను అడిగే ప్రశ్నలు ఆ మిషన్ని అడుగు."

అడిగింది. వారం వెతికితే ఎక్కడో ఒక మూల దొరికింది. మరదలు అతనికి అర్థమయ్యేలా చెప్పింది. టోరెంటులో సినిమా ఒకడి దగ్గర నుంచి రాదు. వందల ముక్కలు చేసి ఉంటుంది. తలా ఒక ముక్క, ఎవరి దగ్గరున్నది వాళ్ళు ఇస్తారు, మనకి చేరింది మనమూ ఇంకొకడికి ఇస్తుంటాం. ఎవరి దగ్గరా లేని ముక్క ఉంటే మాత్రం అక్కడితో ఆగిపోతుంది. జీవితాంతం అలాగే ఆగి ఉంటుంది.

తొంభై ఆరు శాతం దగ్గర ఆగిపోయింది.

వచ్చినంత మేర ఆడించి చూశాడు. మసక బొమ్మ, ముందు వరుసల తలలు నల్లగా. ఎవరో దగ్గుతున్నారు, ఎక్కడో పిల్ల ఏడుస్తోంది. క్యాబిన్లో తన మిషను చేసే గరగర కూడా వినిపించింది. మంగలి కత్తి నూరాడు. మీసం మీద పెట్టాడు. బొమ్మ గడ్డకట్టిపోయింది. రాని నాలుగు శాతం సరిగ్గా అక్కడే మొదలైంది.

"ఇక రాదు బావా. ఇచ్చేవాడు ఒక్కడూ లేడు," అంది మరదలు. ఆ గొంతులో బాధ కంటే నిమ్మళం ఎక్కువున్నట్టు తోచింది అతనికి. కానీ అప్పుడు పట్టించుకోలేదు.

"మిషను అలాగే ఉంచు."

"కరెంటు బిల్లు మీ తాత కడతాడా?"

"మీ అక్క మొగుడు కడతాడు. ఉంచు."

మర్నాడు సరిగ్గా రెండున్నరకి ఒకరు వచ్చారు. తెర మీద ఇచ్చేవాళ్ళ జాబితాలో ఒక్క గీత. ఒక్క ముక్క ఇచ్చి, అయిదుంబావుకి వెళ్ళిపోయారు. మర్నాడూ అంతే. రెండున్నరకి రావడం, ఒక ముక్క ఇవ్వడం, అయిదుంబావుకి మాయం.

"ఎవడో గానీ మధ్యాహ్నం ఆటకి వచ్చినట్టు వస్తున్నాడు," అని నవ్వింది మరదలు. నాలుగో రోజు నవ్వలేదు. జాబితాలో ఆ మనిషి చిరునామా అంకెలు ఒక కాగితం మీద రాసి, షాపు ఇంటర్నెట్టు కాగితం పక్కన పెట్టి చూసింది.

"బావా... ఈ నంబరు మన షాపుదే."

"అంటే?"

"అంటే... ఇచ్చేది ఈ గదిలోంచే."

గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. జిరాక్సు మిషను ఆపేసి ఉంది. అయినా ఏదో వాసన. కాగితం వాసన కాదు. వేడెక్కిన మిషను నూనె, కాలుతున్న దుమ్ము. ఆపరేటర్‌కి ఆ వాసన తెలుసు. అతని చొక్కాలు ఇరవై తొమ్మిదేళ్ళు ఆ వాసనే కొట్టాయి.

తొమ్మిదో రోజున నూరు శాతం అయింది. కబురందగానే పరుగెత్తుకొచ్చి, సగం దించిన షట్టరుకి నుదురు కొట్టుకున్నాడు. మరదలు తిడుతూనే కనుబొమ పైన ప్లాస్టరు అంటించింది.

"చూడకపోతే ఏం బావా? చెరిపేద్దాం. నామాట విను."

"షట్టరు పూర్తిగా దించు," అన్నాడు. "సినిమా చీకట్లో చూడాలి."

షట్టరు పడింది. పట్టపగలే గది చీకటి గుయ్యారమైంది. మంగలి కత్తి నూరాడు. మీసం మీద పెట్టాడు. సగం గీశాడు. హాలు నవ్వింది, నవ్వి ఊరుకుంది.

తెర తెల్లబడింది.

"ఏమండీ... నిద్రపోయారా?"

అదే గొంతు. చివర కొంచెం పైకి లేచే అదే గొంతు. ఎనిమిది నెలల నుంచి వెతుక్కుంటున్నది. అతని కళ్ళు నిండిపోయాయి. ఆ నిండిన కళ్ళతోనే అతనికి ఒక సంగతి తట్టింది. దగ్గూ, ఈలలూ, పిల్ల ఏడుపూ దూరం నుంచి వస్తున్నాయి. ఈ గొంతు మాత్రం దూరం కాదు. పక్క సీటు కూడా కాదు. ఊపిరి తీసుకోవడం వినిపించేంత దగ్గర...

కెమెరా ఆమె చేతుల్లో ఉంది.

అందుకే నవ్వలేదు. నవ్వితే బొమ్మ కదులుతుందని నవ్వలేదు.

"నేనే అడిగాను బావా," చీకట్లో మరదలు ఏడుస్తోంది. "అప్పుడీ షాపు సీడీల షాపు. కొత్త సినిమా ఒక్కటి ఇవ్వక్కా, నిలబడతాను అన్నాను. నీ ఉద్యోగం పోతుందని అనుకోలేదు. చెప్పేద్దామని అక్క ఎన్నోసార్లు..."

ఆపరేటర్ వినడం లేదు. తెర వైపు చూస్తున్నాడు. రెండు సెకన్లు ఎప్పుడో అయిపోయాయి.

తెర ఇంకా తెల్లగానే ఉంది.

అయిదు... ఆరు... పది...

ఈలలు ఆగిపోయాయి. నవ్వులు ఆగిపోయాయి. ముందు వరుసల్లో నల్లటి తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. రీలు తెగితే జనం అలాగే తిరిగి క్యాబిన్ వంక చూస్తారు. కానీ తిరిగినవాళ్ళు మళ్ళీ ముందుకి తిరగలేదు. మొహాల మీద తెల్లటి వెలుతురు తప్ప ఏమీ లేదు. కళ్ళు లేవు... ముక్కు లేదు...

కెమెరా కూడా మెల్లగా తిరిగింది. వెనక్కి. పైకి. క్యాబిన్ గోడ. చిన్న చదరపు కిటికీ. కిటికీలో ఒక మొహం.

ముసలి మొహం. కనుబొమ పైన ప్లాస్టరు.

"రీలు మార్చండి," అంది భార్య. మెల్లగా. వేసారిపోయిన గొంతుతో. "ఎంతసేపని ఈ వెలుతుర్లో కూర్చోను? కళ్ళు మండుతున్నాయండీ... చెయ్యి నొప్పెడుతోంది. దించుదామంటే దిగడం లేదు."

మరదలు ఆపే బొత్తాం నొక్కింది. మళ్ళీ నొక్కింది. వైరు పట్టుకుని గోడలోంచి లాగేసింది. తెర తెల్లగానే ఉంది.

"పక్క సీటు ఖాళీగానే ఉంచాను," అంది ఆ గొంతు.

అది తనని పిలవడమే అనుకున్నాడు ఆపరేటర్. వెళ్ళాలనిపించింది కూడా. కానీ అతను మొండివాడు, అంతకంటే ముందు పనివాడు. తెర మీద వెలుతురు ఖాళీగా పడుతుంటే కూర్చుని ఏడవడం అతనికి చేతకాదు.

"రెండో మిషను వెయ్యి," అన్నాడు.

"ఏంటి బావా?"

"పక్క కంప్యూటరు. నీ మంచి ప్రింటు తియ్యి. మంగలి దగ్గరికి పోనియ్యి. సగం మీసంతో అద్దం చూసుకుంటాడు చూడు, అక్కడ ఆపి పెట్టు."

ఏడుస్తూనే చేసింది. రెండు తెరలు పక్కపక్కన. ఒకటి తెల్లగా, ఒకటి ఆగిన బొమ్మతో. రెండో దాని బొత్తాం మీద అతను వేలు పెట్టాడు. తెల్లటి తెర కుడివైపు పైమూలకి చూపు బిగించాడు.

చుక్క పడింది. నల్లగా, గుండ్రంగా. మెరిసి పోయింది.

ఎనిమిది సెకన్లు.

"నేను నిద్రపోలేదే," అన్నాడు తెల్లటి తెరతో. "నిన్నే చూస్తున్నాను ఆ రోజు. నువ్వు నవ్వడం లేదని చూస్తున్నాను. నా నోరు పడిపోను, తిట్టేది నిన్నని తెలియదే నాకు... దించెయ్యి. ఆ చెయ్యి దించెయ్యి."

ఊపిరి తీసుకున్న చప్పుడు. ఆమె ఏదో అనబోయింది.

రెండో చుక్క పడింది.

వేలు దానంతటదే నొక్కింది. తెల్లటి తెర చటుక్కున ఆరిపోయింది. పక్క తెర మీద సగం మీసం వాడు అద్దం చూసుకుని కెవ్వుమన్నాడు. ఎవరూ నవ్వలేదు. అది మంచి ప్రింటు, అందులో హాలు లేదు. కాస్త ఆగి, గదిలో ఎక్కడి నుంచో ఒక్క నవ్వు వినిపించింది. చిన్నది, దాచుకున్నది.

ఆపరేటర్ బొత్తాం మీంచి వేలు తీశాడు. ఆమె అనబోయిన మాట ఏమిటో ఇక ఎప్పటికీ తెలియదు. వినడానికి వచ్చి, విననివ్వకుండా తనే ఆపేశాడు.

"చెరిపెయ్యి," అన్నాడు లేస్తూ. మరదలి మొహం చూడకుండా షట్టరెత్తి వెళ్ళిపోయాడు.

మళ్ళీ షాపు గుమ్మం తొక్కడానికి అతనికి పన్నెండు రోజులు పట్టింది. కంచం ముందు కూర్చుంటే తిట్టు అలవాటుగా నోటిదాకా వచ్చేది, మింగుడు పడేది కాదు. తీసిన చేతికి తగిలింది. తీయించినవాళ్ళ కళ్ళకి పెట్టింది ఎలా వెనక్కి తీసుకోవాలో అతనికి తెలియలేదు. పదమూడో రోజు మధ్యాహ్నం, పోనీలే అని ఒక్కమాట చెప్పి వద్దామని బయల్దేరాడు.

మరదలు దరఖాస్తులకి పిన్నులు కొడుతోంది. అతన్ని చూసి లేచి నిలబడింది.

"కూర్చో," అన్నాడు. "పోనీలే. అక్కకి లేని కోపం నాకెందుకు? పని చూసుకో."

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. "టీ తెప్పించనా?"

"నువ్వు తెప్పిస్తే తాగనా?"

అన్నీ మామూలుగా అయిపోయినట్టే అనిపించింది. మరదలు టీకి ఫోను చేసి, కూర్చుని, కుడికన్ను ఒకసారి నులుముకుంది. తల తిప్పి గోడ వంక చూసింది. తర్వాత షట్టరు వంక. తర్వాత అతని వంక.

"బావా, ఆ పైమూల గోడ మీద ఏదో చుక్క మెరిసింది, చూశావా?"

అతను చూశాడు. సున్నం వేసిన గోడ శుభ్రంగా ఉంది.

"ఏ వైపు?"

"కుడివైపు. నేనెటు చూస్తే అటే వచ్చింది... నల్లగా, గుండ్రంగా. పోయిందిలే. కళ్ళజోడు మార్చాలేమో."

గడియారం రెండున్నర చూపిస్తోంది. ఆపరేటర్ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎప్పుడూ పట్టుకోనివాడు ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. సినిమాకైతే ఎనిమిది సెకన్లు. మనిషికి ఎంతో ఎవరూ నేర్పలేదు అతనికి.

"ఇంకోటి పడితే నాకు చెప్పు," అన్నాడు. "పడీ పడగానే చెప్పు."

"ఇంకోటేంటి బావా?"